పాపకి "మొల్ల" అని పెట్టొచ్చా? మా అమ్మాయి పేరు అదే

"మా పాపకి మొల్ల అని పెట్టాలనుకుంటున్నాం. అర్థం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఎవరైనా పెట్టుకుంటున్నారా?" అని అడిగారు. మా అమ్మాయి పేరు మొల్ల. మొన్న కార్తీకానికి తొమ్మిదేళ్లు నిండాయి. పెట్టండి. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మొల్ల ఒక పువ్వు. మల్లెకి చెల్లెలి వరస. మల్లె ఎండాకాలంలో పూస్తే ఇది చలికాలంలో పూస్తుంది. రేకులు సన్నగా, కొసదేరి, చుక్కలా ఉంటుంది. మల్లెకున్నంత వాసన ఉండదు గానీ, విరగబూసిందంటే ఆకు కనపడదు. సంస్కృతంలో దీన్నే కుందం అంటారు. "యా కుందేందు" అని సరస్వతీ శ్లోకం మనందరికీ నోటికి వచ్చు కదా, అందులో అమ్మవారి తెలుపుకి మొదటి పోలిక ఈ పువ్వే. చంద్రుడు, మంచు ఆ తర్వాతే వస్తాయి. ఇంతకంటే మంచి అర్థం ఏ పేరుకి దొరుకుతుంది చెప్పండి.

పేరుకి పేరు తెచ్చింది మాత్రం ఆతుకూరి మొల్ల. కుమ్మరి ఇంటి ఆడపిల్ల, కేసన కూతురు. పదిహేను, పదహారు శతాబ్దాల మనిషి అంటారు. ఊరు గోపవరం. కడప జిల్లా బద్వేలు దగ్గరిదే ఆ గోపవరం అని ఎక్కువమంది చెబుతారు, నెల్లూరు వాళ్లు మాదంటారు. తనకి చదువు పెద్దగా లేదనీ, గోపవరంలోని శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్లే కవిత్వం అబ్బిందనీ ఆమే చెప్పుకుంది. రామాయణం రాసి ఏ రాజుకీ ఇవ్వకుండా రాముడికే ఇచ్చింది. అర్థం కాని మాటలతో కావ్యం రాస్తే అది మూగవాడూ చెవిటివాడూ ముచ్చటించుకున్నట్టు ఉంటుందని ఆ రోజుల్లోనే అనగలిగింది. ఆమె పేరు పెట్టుకుంటే పిల్లకి ఒక అండ ఉన్నట్టే అని నా నమ్మకం.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఇదే గొడవ వస్తుంది.

మా పాప పుట్టింది పుబ్బ మొదటి పాదంలో. పంచాంగం ప్రకారం "మో" అక్షరం. ఇంకేముంది, మోహన, మోక్షిత, మోనిష అంటూ ఫోన్ల మీద ఫోన్లు. మౌనిక అన్నవాళ్లూ ఉన్నారు, "మో"కీ "మౌ"కీ తేడా లేకుండా. మా మామగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్కటే అన్నారు: "పెరట్లో మొల్ల ఉండగా మోహన ఎందుకు బాబూ?" నిజంగానే వాళ్ల నూతి పక్కన పొద ఉంది, అప్పుడే మొగ్గలు తొడుగుతోంది. పంతులుగారు "దీర్ఘం లేదు కదండీ" అని నసిగారు. "హ్రస్వమైతే మాత్రం అక్షరం కాకుండా పోతుందా?" అన్నారు మామగారు. పంతులుగారు మళ్లీ మాట్లాడలేదు.

వద్దన్నది మా అక్క. "వద్దురా తమ్ముడూ. రేపు బళ్లో 'మొల' అని ఏడిపిస్తారు. ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో నీకు తెలియదా?" అంది. నేను నవ్వేసి ఊరుకోబోయాను. అక్క నవ్వలేదు.

అక్కకంటే ముందు అమ్మకి పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు. ఈ బిడ్డయినా దక్కాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తీసి, పెంటమ్మ అని పేరు పెట్టారు. పల్లెల్లో ఇలాంటి పేర్లు ఎన్నో మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరుతోనే అక్క తొమ్మిదో తరగతి దాకా చదివింది. మాస్టారు హాజరు పిలుస్తుంటే, తన ముందు అమ్మాయి పేరు వినపడగానే లేచి నిలబడేదట. ఆయన "పెం" అనేలోపే "ప్రెజెంట్ సార్" అని అరిచేదట, మిగతాది ఎవరికీ వినపడకూడదని. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేముందు నాన్న కాళ్లావేళ్లా పడి పేరు మార్పించుకుంది. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే ఇంట్లో పెరిగాం, ఆ పేరుతోనే పిలిచాను కూడా.

బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో నన్ను పేరు రాయమన్నారు. "మొ" బాగానే వచ్చింది. "ల" కింద ఒత్తు రాసేసరికి బియ్యం జారి పూడుకుపోయింది. చూస్తే "మొల" అని ఉంది. చదును చేసి మళ్లీ రాశాను. మళ్లీ పూడుకుపోయింది. మూడుసార్లు రాయాలి కదా, మూడోసారి కూడా అంతే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అక్క పక్కనే కూర్చుని ఉంది, నాకు తల ఎత్తి చూడాలంటే భయం. అప్పుడు అక్క వంగి, చూపుడువేలితో గింజల్ని అటూ ఇటూ తోసి, ఆ ఒత్తుని తనే దిద్దింది. లోతుగా, పళ్లెం అడుగు కనపడేలా.

మా ఇంట్లో చెవిలో పేరు చెప్పేది మేనత్తే. పాపని ఒళ్లోకి తీసుకుని మూడుసార్లు చెప్పింది. "ల్ల" దగ్గర నొక్కి మరీ చెప్పింది, వెనక వరసలో ఉన్నవాళ్లకి కూడా వినపడింది.

అక్క భయం నిజం కాకుండా పోలేదు. పాప రెండో తరగతిలో ఉండగా ఒక పిల్లాడు ఆ మాటే అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ ఆదివారమే ట్యాంక్‌బండ్ మీద ఉన్న మొల్ల విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి, "ఈవిడ పేరే నీ పేరు" అని చూపించాను. విగ్రహం కింద తన పేరు తనే కూడబలుక్కుని చదువుకుంది. మర్నాడు బళ్లో "యా కుందేందు" చదివేటప్పుడు "అది నా పువ్వే టీచర్" అని చెప్పిందట. ఆ తర్వాత మళ్లీ ఆ గొడవ మా ఇంటికి రాలేదు. పిల్లకి తన పేరు కథ తెలిసి ఉండాలి, అంతే. పెంటమ్మ అన్న పేరు వెనక కూడా బిడ్డ బతకాలన్న ఆరాటమే ఉంది, ఆ మాట మా అక్కకి చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఎవరైనా పెట్టుకుంటున్నారా అంటే, ఈ తొమ్మిదేళ్లలో మరో మొల్ల నాకు తగల్లేదు. హీరోయిన్ పేరు బాగుంటే ఊరూరా అదే పేరు పెట్టే జనం మనం. 1970లో వాణిశ్రీతో "కథానాయిక మొల్ల" వచ్చినా ఈ పేరు మాత్రం పాకలేదు. కారణం ఒక్కటే, ఇది తెలుగు మాట కావడం. పువ్వు పేరు సంస్కృతంలో ఉంటే మల్లిక, చంపక అని ముద్దుగా పెట్టుకుంటాం, అదే తెలుగులో ఉంటే పల్లెటూరి పేరంటాం. పైగా పిల్లల పేర్ల జాబితాలు ఒకటి. ఏ భాషదో తెలియని మాటకి "దేవత", "వెన్నెల", "అమూల్యమైనది" అని తోచిన అర్థం తగిలిస్తారు. పాపం తల్లిదండ్రులు అవి నమ్మి రేషన్ కార్డు దాకా ఎక్కించేస్తున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. అర్థం కోసం నిఘంటువు తీయండి, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

స్పెల్లింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషులో చూసినవాళ్లు మోల్లా అంటారు, మోలా అంటారు. బెంగాల్ వైపు మొల్లా అనేది ఇంటిపేరు, దానికీ మన పువ్వుకీ ఏ సంబంధం లేదు. మా పాప టీకాల కార్డు మీద ఒక ఎల్ ఎగిరిపోయింది, దాన్ని సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాను. మొదటి కాగితం మీదే రెండు ఎల్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి, తెలుగులో ఒత్తు ఉందో లేదో కూడా.

పేరు ఇంకా తేలలేదని టెన్షన్ పడకండి. పుట్టుక నమోదు 21 రోజుల్లో అయిపోవాలి గానీ, పేరు లేకుండా కూడా నమోదు చేస్తారు. 12 నెలల లోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు, ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. ఈలోపు ఇంట్లో నాలుగు రోజులు మొల్లా, మొల్లా అని పిలిచి చూడండి. వద్దన్నవాళ్లు మీ ఇంట్లో కూడా ఉంటే, ఎందుకు వద్దంటున్నారో కూర్చోబెట్టి పూర్తిగా వినండి. నేను బారసాలకి రెండు రోజుల ముందు విన్నాను. ఇంకా ముందే వినాల్సింది.