బండి నిలిపితే పెట్రోల్ నాబ్ ఆఫ్ చేయాలా?

తమ్ముడూ, అలిపిరిలో బండి పెట్టి నడిచి కొండెక్కి, మర్నాడు దిగొచ్చేసరికి కింద పెట్రోల్ కారి ఉందన్నావు కదా. రాత్రంతా నిలిపేటప్పుడు నాబ్ తప్పకుండా ఆఫ్ చెయ్యి. టీ కొట్టు దగ్గర పది నిమిషాలకైతే అక్కర్లేదు.

నీది కార్బురేటర్ బండి, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం ఉన్నది. నాబ్ ఆన్‌లో ఉంటే ట్యాంకులోంచి పెట్రోల్ దానంతటదే కిందికి దిగుతుంది, కార్బురేటర్ లోపల దాన్ని ఆపేది ఫ్లోట్ నీడిల్ అనే చిన్న సూది ఒక్కటే. అక్కడ నలక ఇరుక్కున్నా, మొన అరిగినా పెట్రోల్ పొంగి కారుతుంది. ఒక్కోసారి ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, నా భయమంతా అదే. ఆయిల్ మూత తీసి చూడు. పెట్రోల్ వాసన గుప్పుమంటే స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్పించు. నాబ్ కట్టేసి సరిపెట్టుకోకు, కార్బురేటర్ కడిగించి నీడిల్ కూడా చూపించు.

బయల్దేరేటప్పుడు నాబ్ తిప్పడం మర్చిపోకు. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్‌తో కాస్త దూరం పోయి, నడి ట్రాఫిక్‌లో ఆగిపోతుంది.