బంగారు మెరుపు కన్నా ముందు తెలుపును చూడండి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మ్యూజియంలో చూసిన మధ్యయుగపు ఇరాక్, ఇరాన్ గిన్నెల మీది మెరుపు నిజంగా బంగారమేనా? మామూలు మట్టిగిన్నె మీద అంత పనితనం ఎందుకు పెట్టారు? ఈ రోజుల్లో అలాంటివి ఎవరైనా చేయగలరా? నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. టైల్స్ ఫ్యాక్టరీలో గ్లేజు (మట్టి మీద కాల్చి నిలిపే గాజుపూత) విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత ఖతర్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, సెలవు దొరికినప్పుడల్లా దోహాలోని ఇస్లామిక్ కళల మ్యూజియంకు వెళ్లి ఈ పాత్రల ముందు నిలబడేవాణ్ణి. బట్టీ దగ్గర పనిచేసినవాడి కంటికి వాటిలో ఏం కనిపించిందో చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. అది బంగారం కాదు, వెండి, రాగి. కానీ ఆ మెరుపు దగ్గరే ఆగిపోతే అసలు ఘనత మన చూపునుంచి తప్పిపోతుంది. మెరుపు కింద ఉన్న తెలుపును ముందు చూడండి. కథ అక్కడ మొదలైంది.

9వ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల కాలాన చైనా నుంచి ఓడల్లో తెల్లని పాత్రలు ఇరాక్ చేరేవి. ఖలీఫాలు 836 నుంచి 892 దాకా రాజధానిగా చేసుకున్న సమర్రాలో, 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు జరిపిన తవ్వకాల్లో ఆ చైనా పాత్రల ముక్కలూ, వాటిని చూసి స్థానికంగా చేసిన పాత్రల ముక్కలూ రెండూ దొరికాయి. చైనా కుమ్మరులకు తెల్లమట్టి ఉంది, దాన్ని గట్టిపరిచేంత వేడిని ఇచ్చే బట్టీలున్నాయి. ఇరాక్ దక్షిణాన ఉన్న బస్రా నగరపు కుమ్మరులకు ఈ రెండూ లేవు. వాళ్ల చేతిలో ఉన్నది సున్నం పాలు ఎక్కువగా ఉన్న నది ఒండ్రుమట్టి. కాల్చితే లేత పసుపుగా వస్తుంది. చైనా బట్టీ వేడి తగిలితే మెత్తబడి కూలిపోతుంది.

అప్పుడు వాళ్లు చేసిన ఆలోచనకు నేను ఇప్పటికీ నమస్కరిస్తాను. మట్టి తెల్లగా రాకపోతే గ్లేజునే తెల్లగా చేద్దామనుకున్నారు. సీసం కలిసిన గాజుపూతలో తగరపు భస్మం కలిపారు. ఆ భస్మం గాజులో పూర్తిగా కరగదు; కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా నిలిచిపోయి వెలుతురును చెదరగొడుతుంది. కింద ఉన్న పసుపు మట్టి కనిపించకుండా పోయి, పాత్ర పాలలా తెల్లగా తేలుతుంది. మా ఫ్యాక్టరీలో ఇదే పనికి జిర్కాన్ అనే ఖనిజం వాడేవాళ్లం, ఎందుకంటే తగరం ధర ఎక్కువ. ఆ రోజుల్లోనూ తగరం చౌక కాదు, ఇరాక్‌లో దొరకదు కూడా. దూరదేశాల నుంచి తెప్పించిన లోహాన్ని కాల్చి భస్మం చేసి, దాన్ని మట్టిగిన్నె మీద పూశారంటే ఆ తెలుపు కోసం వాళ్లు ఎంత పట్టుపట్టారో ఊహించండి.

చైనా వాళ్లకు ఆ తెలుపే చాలు. దాన్ని అలాగే ఉంచారు. బస్రా కుమ్మరికి మాత్రం అది ఖాళీ కాగితమైంది. కోబాల్ట్‌తో నీలం గీతలు గీశాడు: తాటాకు ఆకారాలు, పూలు, ఒకటి రెండు వరసల అరబ్బీ రాత. దోహాలో ఉన్న ఒక గిన్నె మధ్యలో ‘చేసిన పని సార్థకమైంది’ అనే అర్థం వచ్చే మాట మాత్రమే నీలంగా రాసి ఉంటుంది, చుట్టూ అంతా తెలుపే. ఆ గీతల అంచులు పదునుగా ఉండవు. తడిబట్ట మీద పడిన నీలిమందు చుక్కలా గ్లేజులోకి కొంచెం పాకి ఉంటాయి. గ్లేజు కరిగి ద్రవంగా ఉన్న ఆ కాసేపట్లో రంగు కదిలిన గుర్తు అది. ఆ అంచును చూస్తూ బట్టీ ఎంతసేపు వేడిగా ఉండి ఉంటుందో లెక్కవేసుకోవడం నాకు అలవాటైపోయింది.

తెల్లని పాత్ర మీద నీలం అంటే అందరికీ చైనాయే గుర్తొస్తుంది కదా. 1998లో ఇండొనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర సముద్రంలో ఒక ఓడ శిథిలం బయటపడింది. పలకలను తాళ్లతో కుట్టి కట్టిన, పశ్చిమాసియా తరహా ఓడ. దానిలో దొరికిన ఒక గిన్నె మీద క్రీ.శ. 826కి సరిపోయే తేదీ ఉంది. సుమారు 60 వేల చైనా పాత్రల మధ్య నీలం చిత్రాలున్న తెల్ల పళ్లేలు మూడే మూడు ఉన్నాయి. వాటి మీది నమూనా ఇరాక్ పాత్రల నమూనాకు దగ్గరగా ఉంది. అంటే ఒకరు చూసి ఇంకొకరు నేర్చుకోవడం రెండు వైపులా సాగింది. ఎవరు ఎవరికి గురువు అన్న వాదన కన్నా ఈ ఇచ్చిపుచ్చుకోవడమే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక మెరుపు సంగతికి వద్దాం. దీన్ని లస్టర్ అంటారు. మొదట ఈజిప్టు, సిరియాల్లో గాజుపాత్రల మీద వాడిన పద్ధతి ఇది. 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు దాన్ని తెల్లగ్లేజు మీదికి తెచ్చారు. ముందు పాత్రను మామూలుగా తెల్లగ్లేజుతో కాల్చి పూర్తిచేస్తారు. చల్లారాక వెండి, రాగి సమ్మేళనాలను జేగురులాంటి మట్టితో, వినెగర్‌తో నూరి, ఆ ముద్దతో చిత్రం గీస్తారు. తర్వాత రెండోసారి బట్టీలో పెడతారు. ఈసారి వేడి చాలా తక్కువ, సుమారు 600 డిగ్రీలు. గ్లేజు కరగకూడదు, కొంచెం మెత్తబడితే చాలు. ఆ స్థితిలో గాలి రాకుండా మూసి పొగ పెడతారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోహం దగ్గరున్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అప్పటికే వెండి, రాగి అయాన్లు గాజులోని సోడియం, పొటాషియం స్థానాల్లోకి చొరబడి ఉంటాయి. అవి అక్కడే అతిసూక్ష్మమైన లోహపు రేణువులుగా మారతాయి. ఆ పొర మందం ఒక మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కూడా రాదు.

కాబట్టి మీరు చూసిన మెరుపు పాత్ర పైన పూసిన పూత కాదు. అది గాజు లోపల ఉంది. వెయ్యేళ్ల తర్వాత కూడా అది మిగలడానికి కారణం ఇదే.

ఫ్యాక్టరీలో మాకు పొగ అంటే భయం. బట్టీలో గాలి తగ్గిందంటే గ్లేజు చెడిపోయినట్టే. సీసం ఉన్న గ్లేజయితే నల్లబడుతుంది. అలాంటి పొగను కావాలని పిలిచి, సరిగ్గా సరిపోయేంతసేపు ఉంచి, పంపేయడం ఎంత సాహసమో ఆ పని చేసినవాళ్లకే అర్థమవుతుంది. కొన్నాళ్ల క్రితం ఒక స్టూడియోలో లస్టర్ కాల్పు నేర్పుతుంటే వెళ్లాను. బట్టీలోంచి తీసిన గిన్నె చూడటానికి ఏమీ బాగుండదు, మసిబారిన మట్టి అట్టకట్టి ఉంటుంది. తడిగుడ్డతో ఆ మట్టిని రుద్దితే కిందనుంచి గీత బంగారు రంగులో బయటపడుతుంది. ఒకే బట్టీలో పక్కపక్కన పెట్టిన రెండు గిన్నెలు ఒకేలా రాలేదు. ఒకటి ఆకుపచ్చ ఛాయలో పసుపు, ఇంకొకటి ముదురు ఎరుపు. వెండి పాలు ఎక్కువైతే పసుపు వైపు, రాగి ఎక్కువైతే ఎరుపు వైపు మొగ్గుతుంది. పొగ ఎటు ఎక్కువ తగిలిందన్నది మిగతాది తేలుస్తుంది. ఈ పనివాళ్లు తమ పద్ధతిని ఇంటి గుట్టుగా ఎందుకు దాచుకున్నారో ఆ రోజు నాకు బోధపడింది.

తర్వాత ఈ విద్య ఈజిప్టుకు వెళ్లింది. 1047 ప్రాంతంలో కైరో చూసిన పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో అక్కడి మట్టిపాత్రలు ఎంత పలుచగా ఉంటాయంటే బయట పెట్టిన చెయ్యి లోపలి నుంచి కనిపిస్తుందని రాశాడు. వాటి రంగు బూకలమూన్ అనే బట్టలా, తిప్పిన కొద్దీ మారుతుందని కూడా అన్నాడు. మ్యూజియంలో ఆ మాటను పరీక్షించవచ్చు. గాజుపెట్టె ముందు నిటారుగా నిలబడితే గోధుమరంగు బొమ్మ కనిపిస్తుంది, అంతే. మోకాళ్లు వంచి, దీపం వెలుతురు ఏటవాలుగా మీ కంటికి తగిలేలా చూడండి. అప్పుడు ఊదా, బంగారం, నీలి ఛాయలు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి.

మధ్యలో ఒక మాట. లస్టర్ మోజులో పడి ఇరాన్‌లోని నిషాపూర్, మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్ గిన్నెలను దాటిపోకండి. 10వ శతాబ్దంలో ఆ ప్రాంతాలను ఏలిన సామానీ రాజుల కాలంలో ఇవి తయారయ్యాయి. వాటిలో తగరం లేదు, మెరుపు లేదు. ఎర్రమట్టి మీద తెల్లమట్టి పూత, దాని మీద నల్లగా కూఫీ అనే పాత అరబ్బీ లిపిలో ఒక సామెత, పైన పారదర్శకమైన సీసపు గ్లేజు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక గిన్నె మీద ‘పనికి ముందు ఆలోచన పశ్చాత్తాపం నుంచి కాపాడుతుంది’ అని ఉంటుంది. సీసపు గ్లేజు కింద రంగులు కారిపోతాయి. వీళ్లు రంగును పలుచని మట్టితో కలిపి వాడారు కనుక ఆ అక్షరాలు కత్తితో కోసినట్టు నిలిచాయి. నా ఇష్టాన్ని అడిగితే మొత్తం ఇస్లామిక్ మట్టిపాత్రల్లో వీటికే మొదటి స్థానం ఇస్తాను.

12వ శతాబ్దం చివర ఇరాన్‌లోని కాషాన్‌లో ఈ విద్య శిఖరానికి చేరింది. అప్పటికి తెలుపు సమస్యకు ఇంకో పరిష్కారం దొరికింది. మట్టినే కృత్రిమంగా తయారుచేశారు. కాషాన్ కుమ్మరి కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో ఆ పాళ్లు రాసిపెట్టాడు: పలుగురాయి పొడి 10 వంతులు, గాజుపొడి 1 వంతు, తెల్లమట్టి 1 వంతు. మెరుపు కోసం పాత్రలకు 72 గంటలు పలుచని పొగ పెట్టాలనీ, సమానంగా కాలినది ఎర్రబంగారంలా, సూర్యకాంతిలా మెరుస్తుందనీ కూడా రాశాడు. ఈ పాళ్లు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను, ఎందుకంటే మేము ఫ్యాక్టరీలో కాగితం మీద రాసుకునే సూత్రం కూడా ఇదే తీరులో ఉంటుంది. పలుగు ఎక్కువున్న ఈ ముద్ద వేడికి ఎంత వ్యాకోచిస్తుందో, దాని మీద పూసే క్షారపు గ్లేజు దాదాపు అంతే వ్యాకోచిస్తుంది. అందుకే గ్లేజు పగుళ్లు తగ్గుతాయి. ఆ క్షారపు గ్లేజులోనే రాగి వేస్తే ఫిరోజా రంగు (ఆకుపచ్చ కలిసిన లేత నీలం) వస్తుంది. అదే రాగిని సీసపు గ్లేజులో వేస్తే ఆకుపచ్చ. ఇరాన్ పాత్రలకు ఆ ఫిరోజా ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు గ్లేజులోనే ఉంది.

మీ రెండో ప్రశ్న: అంత అలంకారం ఎందుకు? బంగారు, వెండి పాత్రల్లో తినడాన్ని మతం నిరుత్సాహపరిచింది కాబట్టి ప్రత్యామ్నాయంగా లస్టర్ పుట్టిందని చాలామంది రాస్తారు. అది ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. ఆస్థానాల్లో బంగారు, వెండి పాత్రలు వాడుతూనే ఉన్నారు. వాటిని తర్వాతి తరాలు కరిగించుకున్నాయి, మట్టివి మిగిలాయి. నాకు తోచే కారణం నగరం. పాలకుడు కాకపోయినా డబ్బున్న వర్తకుడు, ఉద్యోగి, పండితుడు మంచి వస్తువు కోరుకున్నారు, దాన్ని గుర్తుపట్టగలిగారు. కుమ్మరి కూడా తనను తాను తక్కువవాడిగా చూసుకోలేదు. కాషాన్‌కు చెందిన అబూ జైద్ తన గిన్నెల మీద సంతకం, తేదీ వేశాడు. అంచుల చుట్టూ రాసిన పద్యాలు కూడా తనవేనని చెప్పుకున్నాడు. 1186 నాటి అతని గిన్నె ఒకటి మినాయీ పద్ధతిలో ఉంది, అంటే గ్లేజు మీద అనేక రంగుల ఎనామెల్‌తో వేసిన బొమ్మలు. చంద్రబింబం లాంటి ముఖాల మనుషులు, గుర్రపు రౌతులు ఈ పాత్రల నిండా కనిపిస్తారు. ఇస్లామిక్ కళలో మనుషుల బొమ్మలే ఉండవన్న మాట మసీదు గోడలకు సరిపోతుంది, భోజనాల పళ్లేలకు కాదు. అదే అబూ జైద్, మరో కాషాన్ కుమ్మరి ముహమ్మద్ బిన్ అబీ తాహిర్‌తో కలిసి ఇరాన్‌లోని ఖుమ్, మష్‌హద్ పుణ్యస్థలాలకు పలకలు చేసినప్పుడు అక్కడ అక్షరాలకు, తీగలకు పెద్దపీట వేశాడు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు దీని వారసత్వాన్ని చూడాలనుకుంటే చార్మినార్‌కు దగ్గర్లోని బాద్‌షాహీ ఆషూర్ఖానాకు వెళ్లండి. కుతుబ్‌షాహీల కాలపు పర్షియన్ తరహా పలకల పని అక్కడి గోడల మీద ఉంది. అది లస్టర్ కాదు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఆకారానికి కోసి, ముక్కలను అతికించిన పని. 1908 మూసీ వరదలో గోడల కింది భాగం దెబ్బతింది కాబట్టి తల ఎత్తి పైభాగాన్ని చూడండి.

మూడో ప్రశ్నకు వస్తే, చేయవచ్చు. మధ్యయుగంలో మాలగా, ఆ తర్వాత వలెన్సియా దగ్గర మానిసెస్ ద్వారా స్పెయిన్‌లో నిలిచిన ఈ విద్యను ఇప్పుడు చాలా దేశాల్లో స్టూడియో కుమ్మరులు సాధన చేస్తున్నారు. కరెంటు బట్టీలో పొగ పెడితే వేడినిచ్చే తీగలు పాడవుతాయి. గ్యాసు లేదా కట్టెల బట్టీ కావాలి, అదీ ఆరుబయట ఉండాలి. ఆ పొగ ప్రాణాంతకం. దుకాణాల్లో చిన్న సీసాల్లో ‘లస్టర్’ పేరుతో అమ్మే ద్రవం వేరు. అది గ్లేజు మీద పలుచని లోహపు పొరగా నిలుస్తుంది, తోమితే అరుగుతుంది. కొనేటప్పుడు ఇది అడిగి తెలుసుకోండి. పాత పద్ధతిలో సీసపు గ్లేజు వేసిన పాత్ర ఏదైనా సరే, అలంకారానికి ఉంచుకోండి. చింతపండు పులుసు, పెరుగు, పచ్చళ్లు మాత్రం అందులో వేయకండి. పులుపు సీసాన్ని కరిగిస్తుంది.