కొబ్బరి మొక్కా, అరటి పిలకా?

మైదానం మాస్టారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను కవిటి మండలంలో రిటైరైన తెలుగు మాస్టారిని. మా అబ్బాయి అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో, బౌల్డర్ అనే ఊళ్లో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టంటే వాడికి పిచ్చి. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేసి స్టేడియం చూపిస్తాడు. ఫుట్‌బాల్ అంటాడు గానీ అందరూ బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతుంటారు. 2025 సీజనులో 12 ఆటలు ఆడి 9 ఓడిపోయారట. అయినా వచ్చే సీజనుకు టికెట్ కొంటానంటున్నాడు. 'జట్టును మళ్లీ కడుతున్నారు నాన్నా, ఓపిక పట్టాలి' అని నాకే పాఠం చెబుతున్నాడు. ఆ జట్టుకు నిజంగా భవిష్యత్తు ఉందా, లేక వీడు డబ్బు తగలేస్తున్నాడా? ఇంకో సందేహం. ఆటకు ముందు మైదానంలోకి ఒక గేదెను తోలుతున్నారు. అది నిజమైనదేనా అని మా మనవరాలు అడుగుతోంది.
— ఒక పాఠకుడు, కవిటి

జవాబు: మాస్టారూ, ముందు మీ మనవరాలి సంగతి చూద్దాం, పిల్లలను ఆగమనడం నాకు చేతకాదు. అది నిజమైనదే. గేదె కాదు, బైసన్ అనే అమెరికా అడవి దున్న. పేరు రాల్ఫీ. మగపేరులా వినిపిస్తుంది గానీ ఆడదే. 1967 నుంచి ఒకదాని తర్వాత ఒకటి అదే పేరుతో వస్తున్నాయి. తాళ్లు పట్టుకుని దానితో పరుగెత్తేవాళ్లు విద్యార్థులే. నన్నడిగితే ఆ మైదానంలో అసలు క్రీడాకారులు వాళ్లే.

ఇక జట్టు. మా అల్లుడు అదే కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌లో ఉంటాడు. 2023లో నాలుగు నెలలు వాళ్లింట్లో ఉన్నాను. ముప్పై రెండేళ్లు విజయనగరంలో విజిల్ ఊదినవాడిని, ఏ ఆటైనా గంటలో పట్టేస్తాననుకున్నాను. ఈ ఆటకు మూడు వారాలు పట్టింది. అదే ఏడు సెప్టెంబరు 2న కొలరాడో జట్టు టి.సి.యు. (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) మీద 45–42తో గెలిచింది. ఆ టి.సి.యు. అంతకు ముందు సీజనులో జాతీయ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. ఆ రోజు మా అల్లుడి వీధిలో అరుపులు వింటే పైడితల్లి సిరిమాను కదిలిందేమో అనిపించింది.

అంత సంబరం ఎందుకంటే, 2022లో ఆ జట్టు 12 ఆటల్లో ఒక్కటే గెలిచింది. ఆ డిసెంబరులో డియాన్ శాండర్స్ అనే పేరుమోసిన పాత ఆటగాడిని కోచ్‌గా తెచ్చారు. ఆయన వస్తూనే పాత కుర్రాళ్లలో చాలామందిని పంపించేసి, వేరే కాలేజీల నుంచి కొత్తవాళ్లను దింపాడు. అక్కడ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒక ఏర్పాటు ఉంది. కాలేజీ మారదలచిన ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటాడు, కావలసిన కోచ్ పిలుచుకుంటాడు. వెనకటికి కాలేజీ మారితే మామూలుగా ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ ఆంక్షను ఒకసారికి సడలించారు, 2024లో దాదాపు పూర్తిగా ఎత్తేశారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు ప్రకటనల మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు చెల్లించవచ్చు. అంటే జట్టును పెంచనక్కరలేదు, సంతలో కొనుక్కోవచ్చు.

మీది ఉద్దానం కాబట్టి మీకు అర్థమయ్యే మాట ఒకటి చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి మీ కొబ్బరి చెట్లను పడగొట్టింది గదా. ఆ తర్వాత రైతుకు రెండు దారులు. కొబ్బరి మొక్క పాతితే కాపుకు అయిదారేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అరటి పిలక పాతితే ఏడాదిలో గెల. కానీ గెల కోశాక ఆ బోదె పని అయిపోయినట్టే. పోర్టల్‌లో తెచ్చిన ఆటగాడు అరటి. హైస్కూలు నుంచి తెచ్చి నాలుగేళ్లు పెంచుకున్నవాడు కొబ్బరి.

శాండర్స్ వేసినది ఎక్కువగా అరటి తోట. 2023లో 4 గెలిచి 8 ఓడారు. 2024లో గెల దిగింది: 9 గెలుపులు, 4 ఓటములు. ట్రావిస్ హంటర్‌కు దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. ఒకే ఆటలో దాడిలోనూ, రక్షణలోనూ ఆడే మనిషి, అలాంటివాడిని నేను మళ్లీ చూస్తానో లేదో. హంటర్ వెళ్లిపోయాడు, కోచ్ కొడుకు షెడూర్ కూడా ప్రొఫెషనల్ ఆటకు వెళ్లిపోయాడు. 2025లో మళ్లీ 3 గెలుపులు, 9 ఓటములు. మీ అబ్బాయి చూస్తున్నది గెల కోసిన తర్వాతి తోట.

అరటిని తిట్టడం లేదు. ఆకలేస్తున్నవాడికి అయిదారేళ్లు ఆగమని చెప్పలేం. కానీ కొన్ని పంటలు సంతలో దొరకవు. ఆ ఆటలో బంతి విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు, అతని ముందు గోడలా అయిదుగురు బలిష్ఠులు నిలబడతారు. ఒకడు ఎడమకు జరిగితే రెండోవాడు చూడకుండానే జరగాలి. మన కబడ్డీలో చేతులు పట్టుకుని చైన్ కట్టే ఇద్దరిని చూడండి. వేర్వేరు ఊళ్ల నుంచి ఇద్దరు మొనగాళ్లను తెచ్చి నిలబెడితే రైడర్ మధ్యలోంచి జారిపోతాడు. ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి కలిసి ఆడిన మామూలువాళ్లయితే పట్టేస్తారు. 2023లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన షెడూర్‌ను ప్రత్యర్థులు 50 సార్లకు పైగా బంతితో సహా నేలకూల్చారు. ముందున్న గోడకు ఇటుకలున్నాయి, సున్నం లేదు.

ఇక్కడ మీ అబ్బాయి ఇండియానా పేరు ఎత్తుతాడు. ఎత్తనివ్వండి, మంచి ప్రశ్నే. ఇండియానా విశ్వవిద్యాలయం జట్టు 2023లో 3–9, అంటే 3 గెలుపులు, 9 ఓటములు. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటి వచ్చిన మొదటి ఏడే 11–2, రెండో ఏడు ఒక్క ఓటమి లేకుండా జాతీయ ఛాంపియన్. అదీ పోర్టల్‌తోనే. కానీ ఆయన తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లను, సహాయక కోచ్‌లను కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆయన ఈల ఊదితే ఎటు కదలాలో వాళ్లకు ముందే తెలుసు. మొక్కను పీకి తేవడం వేరు, వేళ్లకు పట్టిన మట్టి ముద్దతో సహా తవ్వి తేవడం వేరు. మీకు నేను వ్యవసాయం చెప్పడమేమిటి గానీ, తేడా అంతా ఆ మట్టిలోనే ఉంది.

కొలరాడోకు సొంత చరిత్రలోనే ఇంకో పాఠం ఉంది. 1982లో బిల్ మెకార్ట్నీ కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడు 2 గెలుపులు, 8 ఓటములు, ఒక డ్రా. రెండో ఏడు 4–7. మూడో ఏడు 1–10. మూడేళ్లలో ఏడే గెలుపులు! మన దగ్గరైతే ఆ కోచ్ సామాను బస్సు మీద వేసేసేవాళ్లు. వాళ్లు ఉంచారు. 1985లో 7–5 అయింది. 1986లో, 1967 తర్వాత మొదటిసారి పక్క రాష్ట్రం నెబ్రాస్కా జట్టును ఓడించారు. 1990లో జాతీయ ఛాంపియన్ పట్టం, జార్జియా టెక్ అనే ఇంకో కాలేజీ జట్టుతో పంచుకున్నారు. తొమ్మిదో ఏట కాసిన కాయ అది. ఈ రోజుల్లో అంత కాలం ఎవరూ ఇవ్వరు, అది నిజం. కుర్రాళ్లూ ఉండరు. ఎక్కువ డబ్బిచ్చేచోటికి వెళ్తారు, నేను వాళ్లను తప్పు పట్టను. నా పెన్షన్ పెంచుతామంటే నేనూ జిల్లా మారతాను.

కాబట్టి గెలుపు ఓటముల పట్టిక చూడమని మీ అబ్బాయికి చెప్పకండి, రెండు ప్రశ్నలు అడగండి. ముందు వరసలోని ఆ అయిదుగురిలో నిరుడు ఇదే జట్టుకు ఆడినవాళ్లు ఎంతమంది? 2025 చివర్లో జూలియన్ లూయిస్ అనే మొదటి ఏడాది కుర్రాడిని క్వార్టర్‌బ్యాక్‌గా దింపారు. అతన్ని ఒక చెడ్డ ఆటకే పక్కన పెడతారా, దెబ్బలు తింటూ నేర్చుకోనిస్తారా? అయిదుగురిలో ముగ్గురు పాతవాళ్లుండి, ఆ కుర్రాడు నిలిస్తే నేను ఆరు గెలుపులు ఆశిస్తాను. ఆరు గెలిస్తే సీజను చివర జరిగే బౌల్ ఆటకు అర్హత వస్తుంది. ఈ జట్టుకు ప్రస్తుతానికి అదే పండగ. అందరూ కొత్తవాళ్లే అయితే ఇంకో అరటి తోట అనుకోండి. గెల దిగొచ్చు, గాలికి పడొచ్చు.

టికెట్ కొననివ్వండి మాస్టారూ. చలిలో కూర్చుని ఓడిపోయే జట్టు కోసం అరిచే కుర్రాడు పరీక్షలో మార్కులు తగ్గితే బెంబేలు పడడు. ఫీజు డబ్బుతో మాత్రం కొనవద్దనండి.

ప్రశ్న: మాస్టారూ, మా డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ల తర్వాత అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ పెట్టారు. కాలితో ఆడేదే! రెండు మ్యాచ్‌లు ఆడి రెండూ ఓడిపోయాం. పదహారు మందిమి తొమ్మిది మందిమి అయ్యాం. బయట ఆడే నలుగురు అమ్మాయిలకు మా కాలేజీలో సీటు ఇప్పిస్తే వచ్చే ఏడు గెలుస్తామని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
— బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, పైన అరటి తోట అంటూ అమెరికావాళ్ల మీద పెట్టి చెప్పానే, ఆ పని మొదట చేసినవాణ్ని నేనే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అంతర కళాశాలల పోటీలో 0–7తో ఓడింది. గోల్‌కీపర్ ఏడో బంతిని వలలోంచి తీస్తూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నాకు రోషం వచ్చింది. మరుసటి ఏడు క్లబ్బుల్లో ఆడే అయిదుగురికి సీట్లు ఇప్పించాను. గెలిచాం. కప్పు ప్రిన్సిపాల్ గదిలో పెట్టారు, నాకు శాలువా కప్పారు. ఆ అయిదుగురు క్లాసుకు వచ్చింది లేదు, సాధనకు వచ్చింది లేదు, ఏడాది తిరగకుండానే వెళ్లిపోయారు. వాళ్ల కోసం బెంచీ మీద కూర్చోబెట్టిన మా కుర్రాళ్లు అప్పటికే బూట్లు అమ్ముకున్నారు. ఆ తర్వాతి ఏడు పదకొండు మంది దొరకక పోటీకి పేరే ఇవ్వలేదు. ఆ శాలువా ఇంట్లో ఉంది, చలికాలం కప్పుకుంటాను. వెచ్చగానే ఉంటుంది, అదే బాధ.

మీకు దగ్గర్లోనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ఒక్క పతకంతో ఆ ఊరికి పేరు రాలేదు. అక్కడ బరువు ఎత్తేవాళ్లను చూస్తూ చిన్నపిల్లలు పెరుగుతారు. వీలుంటే ఒక సాయంత్రం వెళ్లి చూసి రా.

తొమ్మిది మంది తక్కువేమీ కాదు. అయిదుగురేసి ఆడుకోవడానికి ఒక్కరే తక్కువ, ఆ ఒక్కరు మీ పి.డి. గారో, పక్కింటి పిల్లో అవుతారు. చిన్న మైదానంలో ఆడితే బంతి ప్రతి ఒక్కరికీ ఎక్కువసార్లు తగులుతుంది, అదే మీకిప్పుడు కావాలి. మొదటి సంవత్సరం పిల్లలు ఎంతమంది ఉన్నారో నువ్వు రాయలేదు. నా లెక్కలో అసలు సంఖ్య అదే. నువ్వు రెండో సంవత్సరం, ఇంకో ఏడాదే ఉంటావు. నీ స్థానంలో ఆడబోయే పిల్లకు ఇప్పటి నుంచే నీ పక్కన చోటివ్వు.

గీతల పుస్తకం ఒకటి కొను. ఒకవైపు పేర్లు, ఎదురుగా ఏ సంవత్సరం చదువుతున్నారో, ఏ రోజు సాధనకు వచ్చారో రాయి. గోల్స్ రాయకు. ఆరు నెలలు నిండాక పత్రిక చిరునామాకు నకలు పంపు. ఆ పుస్తకంలో మొదటి సంవత్సరం పేర్లు నాలుగు కనిపిస్తే, మీ మైదానానికి నేనే వస్తాను. విజిల్ ఇంకా ఉంది.