పాత ఫిల్మ్ కెమెరాలో జిగటగా మారిన ఫోమ్‌ని ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చండీ. మీ నాన్నగారి పెంటాక్స్ కె1000 వెనక తలుపు గాడిలో తారులా వేళ్లకి అంటుకుంటోందన్నారు కదా, అది వెలుతురు లోపలికి రాకుండా ఆపే పాలీయురేథేన్ ఫోమ్, మన విజయవాడ లాంటి చోట గాలిలో తేమకి ఇంకా త్వరగా పాడవుతుంది.

ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ తెర మీద నలుసు పడకుండా కాగితం అడ్డుపెట్టి, టూత్‌పిక్ కొసని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పాతదంతా ఓపిగ్గా గీకెయ్యండి. ఆల్కహాల్ నేరుగా పొయ్యొద్దు. అసలు పనంతా ఇదే.

సన్నటి గాడికి నల్ల ఊలు దారం చాలు, తలుపు మడత దగ్గర మాత్రం జిగురున్న ఫోమ్ ముక్కే కావాలి. జిగురు వైపు కాస్త నీళ్లతో తడిపితే వెంటనే అతుక్కోదు, నిదానంగా సర్దుకోవచ్చు. లోపలి అద్దం జోలికి అస్సలు వెళ్లకండి, పూత పైవైపే ఉంటుంది, వేలు తగిలితే గీతలు పడొచ్చు.