కట్టిన చందాకే మళ్లీ డబ్బులా?

సందేహం: ఒక ఓటీటీకి ఏడాది చందా కట్టాను. కొన్ని నెలలకే సినిమా మధ్యలో యాడ్స్ మొదలయ్యాయి. అవి రాకూడదంటే ఇంకొంత కట్టాలట! ఒళ్లు మండి ఫోన్‌లోంచి యాప్ తీసేశాను. కానీ ఏడాది తిరిగేసరికి మళ్లీ డబ్బులు కట్ అవుతాయేమోనని టెన్షన్. ఇదేం న్యాయమండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ భయం నిజమేనండీ. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ముందు ఆ ఓటీటీ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ తెరిచి రెన్యువల్ రద్దు చేయండి. తర్వాత, యూపీఐతో కట్టి ఉంటే, ఫోన్‌పే లేదా గూగుల్ పేలో మీ ప్రొఫైల్‌లోకి వెళ్లండి. అక్కడ 'ఆటోపే' (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఉంటుంది. ఆ సర్వీసు పేరు నొక్కి, ఎంత మొత్తం వరకు అనుమతి ఇచ్చారో చూడండి. చాలామంది ఎప్పుడూ చూడని అంకె ఇదే. మీ ప్లాన్ 199 రూపాయలదైనా అనుమతి అంతకంటే పెద్ద మొత్తానికి ఉండొచ్చు. అలా ఉంటే రేటు పెరిగినా మళ్లీ పిన్ అడగకుండానే డబ్బు వెళ్లిపోతుంది. ఆ అనుమతినీ రద్దు చేసేయండి.

కార్డుతో కట్టినా దారి ఉంది. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఎవరికి, ఎంత, ఏ రోజు వెళ్తుందో మీకు తెలియజేయాలి. వద్దనే వీలూ ఇవ్వాలి. 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతున్న ఆర్‌బీఐ నిబంధన ఇది. బ్యాంకు మెసేజే కదా అని చూడకుండా వదిలేయకండి.

ఇక న్యాయం సంగతి. మీరు సర్వీసు పేరు రాయలేదు గానీ, ఇలాంటి మార్పు మన దగ్గర ప్రైమ్ వీడియోలో చూశాం. 2021 డిసెంబర్‌లో ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499 అయింది. 2025 జూన్ 17 నుంచి యాడ్స్ వచ్చాయి. అవి వద్దంటే ఏడాదికి మరో 699 కట్టాలన్నారు. మార్చే హక్కు ఉందని కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. అయినా ముందే డబ్బు కట్టినవాళ్లకు గడువు తీరేదాకా పాత సేవే అందాలన్నది నా గట్టి అభిప్రాయం.

మన కోపానికి విలువ ఉంటుందా అంటే, 2011లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్‌కు జరిగింది చూడండి. నెలకు సుమారు 10 డాలర్లకు కలిపి ఇచ్చే డీవీడీలను (పోస్టులో అద్దెకు పంపేవి), స్ట్రీమింగ్‌ను జులైలో విడదీసి ఒక్కోదానికి 7.99 డాలర్లు పెట్టింది. రెండూ కావాలంటే భారం 60 శాతం పెరిగింది. సెప్టెంబర్‌లో డీవీడీలను 'క్విక్‌స్టర్' పేరుతో వేరే సైట్‌కు మారుస్తామంది. ఆ జులై-సెప్టెంబర్ మూడు నెలల్లోనే అమెరికాలో సుమారు 8 లక్షల చందాదారులు తగ్గిపోయారు. అక్టోబర్ 10న క్విక్‌స్టర్ ఆలోచన మానుకుంది. పెంచిన రేటు మాత్రం తగ్గించలేదు.

అందుకే రేటు దిగొస్తుందని ఎదురుచూడకండి. రద్దు చేసేటప్పుడు కారణం అడిగితే యాడ్స్ వల్లేనని రాయండి. రద్దు చేసే బటన్ దొరక్కుండా తిప్పుతుంటే స్క్రీన్‌షాట్లు తీసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. అలా తిప్పడం 2023 నవంబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. రద్దు చేసినా మామూలుగా గడువు తేదీ వరకు చూడొచ్చు, కాబట్టి ఈరోజే ఆ పని కానిచ్చేయండి.