జులై 14న రాసిన ఉత్తరం

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ గురించి టీవీలో చూశాను. ముద్దాయిల్లో ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ అనే ఆయన్ను నిర్దోషి అని వదిలేశారట. ప్రభువుల వంశం, దైవభక్తి ఉన్న మనిషి, హిట్లర్ కన్నా ముందే జర్మనీ ఛాన్సలర్‌గా, అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవిలో, చేసినవాడు. అలాంటాయన హిట్లర్ కింద ఎందుకు పనిచేశాడు? భయమా, పదవి మీద ఆశా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పాను. చాలాకాలం ఈయన గురించి ‘హిట్లర్‌ను గద్దెనెక్కించినవాడు’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. న్యూరెంబర్గ్ రికార్డుల్లో ఆయన ఉత్తరం ఒకటి చదివాక ఆ పాఠం మళ్లీ అలా చెప్పలేకపోయాను. ఆ సంగతికి వస్తాను.

పాపెన్ 1879లో జర్మనీలోని వెర్ల్ అనే ఊళ్లో పుట్టాడు. అక్కడ ఉప్పు తీసే హక్కు తరతరాలుగా కొన్ని కుటుంబాలకే ఉండేది, వీళ్లది అందులో ఒకటి. అశ్వికదళంలో ఆఫీసరు. పింగాణీ ఫ్యాక్టరీలున్న ఇంటి అమ్మాయిని చేసుకున్నాడు. 1932 జూన్‌లో ఛాన్సలర్ అయ్యాడు. మంత్రుల్లో ఎక్కువమంది ప్రభువంశాల వాళ్లే కావడంతో జనం దానికి ‘బేరన్ల కేబినెట్’ అని పేరు పెట్టారు. సెప్టెంబర్ 12న పార్లమెంటులో ఆయనకు వ్యతిరేకంగా 512 ఓట్లు పడ్డాయి, అనుకూలంగా 42. ఏడాది తిరక్కముందే పదవి పోయింది.

పోయిన పదవి కోసం ఆయన ఊరుకోలేదు. 1933 జనవరి 4న కొలోన్‌లో ఒక బ్యాంకరు ఇంట్లో హిట్లర్‌ను గుట్టుగా కలిశాడు. హిట్లర్‌ను ఛాన్సలర్ చేయమని వృద్ధుడైన అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌కు నచ్చజెప్పిన వాళ్లలో ఈయనే ముఖ్యుడు. జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్, పాపెన్ వైస్ ఛాన్సలర్. కేబినెట్‌లో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే. మిగతావాళ్లంతా మనవాళ్లే, పగ్గాలు మన చేతిలోనే ఉంటాయని ఆయన లెక్క. అంటే మొదట్లో భయం లేదమ్మా. దేశాన్ని ఏలడం తమలాంటి వాళ్ల పని అన్న నమ్మకం, ఎవరినైనా వాడుకోగలమన్న ధీమా ఉన్నాయి.

1934 జూన్ 17న మార్బుర్గ్ యూనివర్సిటీలో ఆయనొక ప్రసంగం చేశాడు. నాజీల దౌర్జన్యాన్నీ, పత్రికల నోరు నొక్కడాన్నీ అందరి ముందూ తప్పుపట్టాడు. ధైర్యమైన మాటలే. రాసిచ్చింది ఎడ్గార్ యుంగ్ అనే లాయరు. ఆ ప్రసంగం రేడియోలో రాకుండా నాజీల ప్రచార మంత్రి గోబెల్స్ అడ్డుపడ్డాడు. వారం దాటగానే యుంగ్‌ను పట్టుకుపోయారు. జూన్ 30న హిట్లర్ తనకు అడ్డనుకున్న వాళ్లను చాలామందిని చంపించడం మొదలుపెట్టాడు. ఆ ఉదయం పాపెన్‌ను హిట్లర్ ముఖ్య అనుచరుడు గోరింగ్ పిలిపించాడు. ఇవతల వైస్ ఛాన్సలర్ ఆఫీసులోకి తుపాకులతో చొరబడి, ఆయన ప్రెస్ వ్యవహారాలు చూసే హెర్బర్ట్ ఫాన్ బోజెను అక్కడే కాల్చి చంపారు. యుంగ్‌నూ చంపేశారు. పాపెన్‌ను మాత్రం ఇంట్లో కాపలా పెట్టి ఉంచారు.

జులై 13న హిట్లర్ పార్లమెంటులో నిలబడి ఆ హత్యలన్నీ దేశం కోసమే చేయించానన్నాడు. మర్నాడు పాపెన్ ఆయనకు ఉత్తరం రాశాడు. నిరుడు జనవరి 30న చేసినట్టే మీకు కరచాలనం చేయాలని ఉంది, దేశానికి మీరు చేసిన మేలుకు కృతజ్ఞతలు అని అందులో ఉంది. తన ఆఫీసులో తన మనిషి చచ్చిపడి సరిగ్గా రెండు వారాలు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అప్పుడు భయం ఉండే ఉంటుంది, ప్రాణభయం ఎవరికైనా సహజం. కానీ ఆ నెలాఖరులోనే ఆస్ట్రియాకు రాయబారిగా వెళ్లమంటే ఒప్పుకున్నాడు. అక్కడి ఛాన్సలర్ డోల్ఫుస్‌ను నాజీలు చంపింది అంతకు ఒక్కరోజు ముందు! 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నప్పుడు వియన్నాలో పాపెన్ సహాయకుడు కెట్లర్ కనిపించకుండా పోయాడు. తర్వాత శవం డాన్యూబ్ నదిలో దొరికింది. మరుసటి ఏడాది పాపెన్ టర్కీకి రాయబారిగా వెళ్లాడు, 1944 దాకా ఉన్నాడు. వద్దని ఇంటి దగ్గర కూర్చునే వీలు ఉన్న మనిషి, ఆస్తికి లోటు లేదు. అందుకే దీన్ని భయం అని నేను అనలేను. పదవి లేకుండా తనను తాను ఊహించుకోలేకపోయాడు.

ఇక తీర్పు. హిట్లర్‌ను అధికారంలోకి తేవడానికి సాయపడ్డాడనీ, ఆస్ట్రియాలో కుట్రలు నడిపాడనీ కోర్టు ఒప్పుకుంది. అయితే అవి రాజకీయ నీతి తప్పిన పనులే తప్ప తాము విచారించే నేరాల కిందికి రావంది. 1947లో, నాజీలతో చేతులు కలిపినవాళ్లను విడిగా విచారించే జర్మన్ కోర్టు ఎనిమిదేళ్ల లేబర్ క్యాంపు శిక్ష వేసింది, 1949లో బయటికొచ్చేశాడు. 89 ఏళ్లు బతికాడు.

ఉత్తరం చదివాక, రిటైరయ్యేదాకా ప్రతి ఏడాదీ ఈ పాఠం రోజు బోర్డు మీద యుంగ్, బోజె, కెట్లర్ అని మూడు పేర్లు రాసేవాణ్ణి. ‘ఇవి పరీక్షలో అడగరు కదా సార్’ అనేవాళ్లు పిల్లలు. అయినా నోట్సులో రాయించేవాణ్ణి.