వారానికి 32 గంటలు చేస్తున్నా "పార్ట్‌టైమ్" అంటున్నారు, ఇన్సూరెన్స్ అడగొచ్చా?

అడగొచ్చండీ. తప్పకుండా అడగండి. కాకపోతే మేనేజర్ని కాదు, హెచ్‌ఆర్‌ని అడగాలి. అది కూడా నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా. ఏం అడగాలో చివర్లో రాశాను.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హెచ్‌-4 ఈఏడీ (హెచ్‌-1బీ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద అమెరికాలోని టెక్సస్‌లో ఒక పెద్ద స్టోర్‌లో 8 నెలలుగా చేస్తున్నారు. వారానికి 32 నుంచి 34 గంటలు పడుతున్నాయి. ఆఫర్ లెటర్‌లో పార్ట్‌టైమ్ అని ఉంది. ఇన్సూరెన్స్ సంగతి ఎత్తితే మేనేజరు "మన దగ్గర ఫుల్‌టైమ్ అంటే 40 గంటలు" అన్నారు. మీవారు పనిచేసేది చిన్న కన్సల్టెన్సీలో, కుటుంబం మొత్తం ప్రీమియం మీ జేబులోంచే పోతోంది. సరిగ్గా ఇదే స్థితిలో నేను రెండేళ్లు ఉన్నాను. ఆ తర్వాత పేరోల్ పని నేర్చుకుని, ఇప్పుడు వేరే కంపెనీలో ఇవే గంటలు లెక్కేసే సీట్లో కూర్చున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 40 సంగతి. ఓవర్‌టైమ్ చట్టంలో 40 ఉంది కానీ అక్కడ ఫుల్‌టైమ్‌కి నిర్వచనమే లేదు. సెలవులకీ, బోనస్‌కీ ఎవరిని ఫుల్‌టైమ్ అనాలో కంపెనీ ఇష్టం. ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం ఆ ఇష్టం చెల్లదు. 2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన ఆరోగ్య చట్టం ప్రకారం సగటున వారానికి 30 గంటలు, లేదా నెలకు 130 గంటలు పనిచేస్తే ఫుల్‌టైమే. ఆఫర్ లెటర్‌లో ఏ మాట రాసుకున్నా, బ్యాడ్జి మీద ఏమున్నా ఆ లెక్క మారదు. ఒక్క హవాయిలో అంతకంటే ముందునుంచీ, 1974 నుంచీ, సొంత చట్టం ఉంది. అక్కడ 20 గంటలకే వర్తిస్తుంది. మనం టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి మనకు 30.

ఈ నియమం అందరు యజమానులకూ లేదు. గడిచిన సంవత్సరంలో సగటున 50 మంది ఫుల్‌టైమ్ వాళ్లు ఉన్న సంస్థలకే. పార్ట్‌టైమ్ వాళ్ల గంటలు కూడా నెలవారీగా కూడి, 120తో భాగించి ఆ 50లో కలుపుతారు. మీ స్టోర్ పెద్దదంటున్నారు కాబట్టి అక్కడ అనుమానం అక్కర్లేదు. మీవారి కన్సల్టెన్సీ 50 లోపు ఉంటే మాత్రం, వాళ్లు ఇన్సూరెన్స్ ఇవ్వకపోయినా, ఇచ్చి కుటుంబానికి పైసా కట్టకపోయినా ఈ చట్టం ఏమీ అనదు. మన కన్సల్టెన్సీల్లో ఒకే యజమాని పేరు మీద మూడు నాలుగు ఎల్‌ఎల్‌సీలు, అంటే విడివిడిగా రిజిస్టర్ చేసిన కంపెనీలు, ఉండటం మామూలే కదా. యాజమాన్యం ఒకరిదే అయితే వాటన్నిటినీ కలిపే లెక్కపెట్టాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా కథంతా దీని చుట్టూనే తిరిగింది.

2016 ఫిబ్రవరిలో నేను ఒక డేకేర్‌లో చేరాను. పసిపిల్లల గది నాది. పొద్దున తలుపు పక్కనున్న ట్యాబ్లెట్‌లో నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళితే, ఆ గదిలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు ఉండాలో ఆ రేషియో ప్రకారం మా రోజు నడిచేది. పిల్లలు తక్కువ వస్తే మధ్యాహ్నం రెండింటికే ఇంటికి పొమ్మనేవారు. ఎక్కువ వస్తే ఆరున్నర దాకా. అందుకని నన్ను "గంటలు మారే ఉద్యోగి" కింద చేర్చుకున్నారు. అలాంటివాళ్ల విషయంలో యజమాని 12 నెలల వరకు గంటలు కొలిచి, సగటు చూశాకే తేల్చవచ్చు. ఆ కొలిచే కాలాన్ని మెజర్‌మెంట్ పీరియడ్ అంటారు. అది 3 నెలలకు తగ్గకూడదు, 12 నెలలు దాటకూడదు.

నాకిది చెప్పినవాళ్లు లేరు. ఆ ఆగస్టులో రాజమండ్రిలో నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఐదు వారాలు వెళ్లొచ్చాను. జీతం లేని సెలవు. ఇంట్లోవాళ్ల అనారోగ్యానికి ఉద్యోగం పోకుండా సెలవిచ్చే చట్టం ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద పెట్టుకుందామంటే ఉద్యోగంలో 12 నెలలు, అందులో 1,250 గంటలు నిండాలి. నాకు ఆర్నెల్లే. మిగతా 47 వారాలూ సగటున ముప్పై ఒకటిన్నర గంటలు చేశాను. మొత్తం 1,480. దాన్ని 52తో భాగిస్తే ఇరవై ఎనిమిదిన్నర. ఏడాదికి 1,560 గంటలు ఉంటేగానీ 30 సగటు రాదు. నాన్న మంచం పక్కన కూర్చున్న ఆ ఐదు వారాలూ ఐదు సున్నాలై నా సగటులో పడ్డాయి. అదే ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవైతే సున్నాలుగా వెయ్యడానికి వీల్లేదు, ఆ వారాలను సగటు లెక్కలోంచి తప్పించాలి. జ్యూరీ డ్యూటీ కూడా అంతే. ఇక జీతంతో ఇచ్చే సెలవు, పండగ సెలవు, సిక్ లీవు అయితే పనిచేసిన గంటలతో సమానం. మీకు ఊరెళ్లే పని పడితే ఏ సెలవు కింద వెళుతున్నారో రాయించుకునే వెళ్లండి.

"నీకు అర్హత రాలేదు" అని ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. ఎందుకు రాలేదో అందులో లేదు. ఆ రోజు నుంచి నేను గంటలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఇండియన్ స్టోర్‌లో ఉచితంగా ఇచ్చే తెలుగు క్యాలెండర్ వంటింట్లో ఉండేది. తిథి, వర్జ్యం పక్కన ప్రతి గడిలో పెన్సిల్‌తో ఎన్నింటికి వెళ్లానో, ఎన్నింటికి వచ్చానో రాసేదాన్ని. మా యజమానికే ఇంకో సెంటర్ ఉంది, పది మైళ్ల దూరంలో. అక్కడ టీచర్ రాకపోతే రేషియో తప్పుతుందని నన్ను పంపేవారు. ఆ రోజుల గడిలో చిన్న సున్న చుట్టేదాన్ని.

కొత్తగా చేరినవాళ్లు కాక మిగతా ఉద్యోగులందరికీ కలిపి మా కంపెనీ కొలిచే ఏడాది అక్టోబర్ 15 నుంచి మరుసటి అక్టోబర్ 14 వరకు. 2017 నవంబర్‌లో మళ్లీ "అర్హత లేదు" అనే వచ్చింది. ఈసారి గంటలు ఎన్నో చెప్పమని అడిగాను. 1,508 అన్నారు, అంటే సగటు 29. నా క్యాలెండర్, అంతకుముందు నెలల జీతం చీటీలు ముందేసుకుని కూడితే 1,604 వచ్చింది. తేడా 96. సున్న చుట్టిన రోజులు లెక్కపెడితే 16. రోజుకు 6 గంటలు. సరిగ్గా 96.

ఆ సెంటర్‌ది వేరే ఎల్‌ఎల్‌సీ. ఆ రోజుల జీతం వేరే చెక్కుగా, వేరే పేరుతో వచ్చేది. ఏడాది చివర డబ్ల్యూ-2 (ఆ ఏడాది జీతం, పన్ను చూపే పత్రం) కూడా విడిగానే ఇచ్చారు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి నేను ఇద్దరు మనుషులను. రెండు సంస్థలూ ఒకే యజమానివి అయినప్పుడు ఒక ఉద్యోగి రెండుచోట్లా చేసిన గంటలు కలపాలన్నదే నియమం. రెండు చెక్కుల నకళ్లు, క్యాలెండర్ ఫొటోలు జతచేసి మర్యాదగానే మెయిల్ రాశాను. రెండు వారాల్లో సరిచేశారు. 2018 జనవరి 1 నుంచి కవరేజీ వచ్చింది. ఎవరూ కావాలని చేశారని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆ 96 గంటలూ నేను రాసుకుని ఉండకపోతే ఎవరికీ కనపడేవి కావు.

ఇప్పుడు మీ విషయం. మీది నాలాంటి కేసేనా అన్నదే అసలు ప్రశ్న. చేర్చుకునేటప్పుడే "వారానికి 32 గంటలు ఉంటాయి" అని షెడ్యూల్ ఇచ్చి ఉంటే మీరు గంటలు మారే ఉద్యోగి కాదు, మొదటిరోజు నుంచీ ఫుల్‌టైమ్ కిందే లెక్క. ఏడాది ఆగాల్సిన పనే లేదు. ఇన్సూరెన్స్ ప్లాన్‌లో వెయిటింగ్ పీరియడ్ 90 రోజులు దాటకూడదు. మీకు 8 నెలలు దాటాయి. కాబట్టి ఆఫర్ లెటర్, ఇంటర్వ్యూ తర్వాత వచ్చిన మెయిళ్లు, ఉద్యోగ ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంటే అదీ వెతికి పట్టుకోండి. వాటిలో "25 నుంచి 35 గంటలు, అవసరాన్ని బట్టి" అని ఉంటే మాత్రం వాళ్లు 12 నెలల కొలతలో ఉన్నారనుకోవాలి. అలా అయితే ఇంకో నాలుగు నెలలు మీ గంటలు జాగ్రత్త.

ఒకసారి సగటు 30 వచ్చి అర్హత ఖాయమైతే, తర్వాతి స్టెబిలిటీ పీరియడ్, అంటే ఆ అర్హత నిలిచి ఉండే కాలం అంతా, కనీసం 6 నెలలు, కొలిచింది 12 నెలలైతే 12 నెలలూ, మీరు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఫుల్‌టైమ్ కిందే చూడాలి. మధ్యలో గంటలు 22కి పడిపోయినా సరే. ఇది తెలియక మా సెంటర్‌లో ఒకామె వేసవిలో గంటలు తగ్గాయని తనే ఇన్సూరెన్స్ వదిలేసుకుంది.

ఈఏడీ రెన్యువల్ ఆలస్యమై ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి: 13 వారాలు. ఆ లోపు తిరిగి చేరితే మిమ్మల్ని కొత్త ఉద్యోగిగా లెక్కేసి కొలత మొదటినుంచి పెట్టడానికి వీల్లేదు. 13 దాటితే పెట్టవచ్చు. బడులూ కాలేజీల్లో అయితే ఇది 26 వారాలు.

చట్టం ఎంతవరకు పనికొస్తుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫుల్‌టైమ్ వాళ్లలో కనీసం 95 శాతం మందికి ఇన్సూరెన్స్ ఆఫర్ చెయ్యకపోతే కంపెనీ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి జరిమానా కట్టాలి. 2026కి అది, మొదటి 30 మందిని వదిలేసి, ఒక్కో ఫుల్‌టైమ్ ఉద్యోగికి ఏడాదికి 3,340 డాలర్లు. ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు. అదికూడా ఎవరో ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగి మార్కెట్‌ప్లేస్‌లో (ఆ ఆరోగ్య చట్టం కింద పెట్టిన ఇన్సూరెన్స్ సైట్‌లో) సబ్సిడీతో ప్లాన్ కొనుక్కుంటేనే పడుతుంది. ఆ 5 శాతంలో మీరు పడితే కంపెనీకి పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. అందుకే మీకు చట్టం కంటే గట్టి ఆధారం కంపెనీ సొంత ప్లాన్ పత్రమే. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అంటారు. అర్హులెవరో అందులో రాసి ఉంటుంది. చాలా ప్లాన్లలో "సగటున 30 గంటలు" అనే ఉంటుంది. అలా ఉంటే అది మీకు వాళ్లు రాసిచ్చిన మాట, దాన్నిబట్టి క్లెయిమ్ వెయ్యొచ్చు. మీరు రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఆ పత్రం పంపాలి.

ఇన్సూరెన్స్ వచ్చినా మీవారికి కూడా వస్తుందని అనుకోకండి. 26 ఏళ్లు రాని పిల్లలకు ఆఫర్ చెయ్యాలి కానీ భర్తకో భార్యకో చెయ్యాలన్న నియమం లేదు. ఖర్చు సంగతికొస్తే, మీ ఒక్కరికి అయ్యే అతి చౌక ప్లాన్‌లో మీ వాటా 2026లో ఆదాయంలో 9.96 శాతం దాటకూడదు. చాలామంది యజమానులు వాడే లెక్క గంట జీతాన్ని 130తో గుణించడం. గంటకు 15 డాలర్లైతే నెలకు 1,950, అందులో మీ వాటా 194 డాలర్ల లోపు. పిల్లలను కలిపితే ఎంతైనా ఉండొచ్చు, దానికి ఈ పరిమితి లేదు. మీవారి కన్సల్టెన్సీ ప్రీమియంలోంచి మిమ్మల్ని తీసేస్తే ఎంత తగ్గుతుందో కనుక్కుని, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీరు చివర్లో రాసిన భయం, "అడిగితే గంటలు కోసేస్తారేమో" అన్నది. ఆ భయం నాకూ ఉండేది. వీసా మీద బతికేవాళ్లకు ఆ భయం ఎంత బరువో నాకు తెలుసు. ఇన్సూరెన్స్ రాకుండా చెయ్యాలనే గంటలు తగ్గించడం ఎరిసా (ఉద్యోగుల పింఛను, ఇన్సూరెన్స్ ప్లాన్లను కాపాడే చట్టం) కింద కోర్టుకెక్కగల విషయం. డేవ్ అండ్ బస్టర్స్ అనే రెస్టారెంట్ల కంపెనీ మీద 2015లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇలాంటి దావాయే పడింది. కేసు కొట్టెయ్యమన్న కంపెనీ మాట జడ్జి ఒప్పుకోలేదు, చివరికి 74 లక్షల 25 వేల డాలర్లకు రాజీ అయింది. ఇక అడిగినందుకో, సబ్సిడీ తీసుకున్నందుకో కక్ష కడితే కార్మిక శాఖలోని ఓషాకి 180 రోజుల్లో ఫిర్యాదు చెయ్యొచ్చు. మెయిల్‌లో అడగమనడం ఇందుకే, అడిగిన తేదీ మీ చేతిలో ఉంటుంది.

మెయిల్ పెద్దదేమీ అక్కర్లేదు. నన్ను మొదటినుంచీ ఫుల్‌టైమ్‌గా చూస్తున్నారా, గంటలు మారే ఉద్యోగిగానా? నా మెజర్‌మెంట్ పీరియడ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ఇప్పటిదాకా అందులో నా పేరున ఎన్ని గంటలున్నాయి? సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ కాపీ పంపగలరు. ఈ నాలుగు ముక్కలు చాలు. 40 గంటలు అన్నది తప్పనీ, చట్టం ఇదనీ మొదటి మెయిల్‌లో వాదన పెట్టుకోకండి. జవాబు వచ్చాక చూద్దాం.

అది పంపేముందు పేస్టబ్‌లు (జీతం చీటీలు) అన్నీ కంపెనీ పోర్టల్ నుంచి దించి, ఫోన్లో కాకుండా ఇంట్లో వేరేచోట దాచండి. ఉద్యోగం వదిలాక ఆ పోర్టల్ మీకు మూసేయవచ్చు. 8 నెలల గంటలూ కూడి, చేరిన తేదీ, ఆఫర్ లెటర్‌లో గంటల గురించి ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. కంపెనీ పేరు వద్దు. సగటు ఎంతొస్తుందో, మీరు ఏ కోవలోకి వస్తారో నేను చూసి చెబుతాను.